పండని సెగ్గడ్డ

సోంపేటకు తూర్పున, సముద్రపు ఒడ్డు ఊళ్లలో సన్యాసమ్మ చెయ్యి మంచిదని పేరు. ఎవరికి సెగ్గడ్డ లేచినా ఆమె దగ్గరికే వచ్చేవారు. అది అత్త నేర్పిన పని. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టేది. గడ్డ పండి దానంతట అది చితికేదాకా ఆగేది. పండకముందు ముట్టుకోకూడదు. అత్త ఇచ్చిపోయిన ఆస్తి ఆ ఒక్క మాటే. ముప్పై ఏళ్లు సన్యాసమ్మ ఆ మాట దాటలేదు.

ఒక్కసారి దాటింది.

మరిది పోతురాజుకు కుడిచేతి బొటనవేలి మొదట్లో సెగ్గడ్డ లేచింది. అతనికి షుగరు. వేట నిషేధం ముగిసి రెండు రోజుల్లో పడవలు దిగుతాయి.

"ఇంకా పండనేదు. నాలుగు రోజులాగు," అంది సన్యాసమ్మ.

"సేపలాగుతాయేటి వొదినా? మాయమ్మయితే ఈపాటికి నొక్కీసి నన్ను పడవెక్కించీసును. నీ సెయ్యి ముసిల్దయిపోనాదేమో."

అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు తగిలింది. గడ్డను వేలితో తడిమింది. రాయిలా ఉంది. పండలేదని తెలుసు. తెలిసే, పైతోలు కాలి గడ్డ తెరుచుకోవాలని జీడిపిక్క తొక్క రసం రాసింది. సూది గుచ్చి, రెండు బొటనవేళ్లతో నొక్కింది. చీము రాలేదు. నెత్తురు వచ్చింది.

"అదీ సెయ్యంటే," అన్నాడు పోతురాజు పళ్లు బిగించి.

మూడో రోజుకు ఎర్రటి చార మోచేయి దాటింది. చలిజ్వరం పట్టుకుంది. టెక్కలి ఆసుపత్రిలో చెయ్యి నిలబెట్టారు గానీ బొటనవేలు, పక్క వేలు తీసెయ్యక తప్పలేదు. షుగరు వల్లే అనుకుంది ఊరు. పోతురాజూ అదే అన్నాడు. వొదిన చేతిలో తప్పు లేదని అడిగినవాళ్లకల్లా చెప్పాడు. వల తాడు పట్టలేక ఒడ్డున ఇతరుల చేపలు ఏరేవాడు. పెళ్లాం పోయినవాడు, రెండు పూటలా ఆమె ఇంట్లోనే తినేవాడు. ఆమె ఏమీ అనకుండా వడ్డించేది.

ఏడాది గడిచింది. ఒకనాడు నర్సు లక్ష్మీప్రియ తుపాను షెల్టరులో అందరినీ కూర్చోబెట్టింది. కాపడం మంచిదే అంది. గడ్డను తాకే ముందూ తరవాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తువ్వాలు వేరుగా ఉంచాలి. నొక్కకూడదు, గుచ్చకూడదు, జీడి రసం రాయకూడదు. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా, మొహం మీద లేచినా, షుగరున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

"మాకు సన్యాసమ్మ ఉంది కదేటమ్మా," అంది వెనకనుంచి ఒకామె. అందరూ తలలూపారు.

సన్యాసమ్మ లేచి నిలబడింది. గుమ్మం దగ్గర పోతురాజు ఉన్నాడు. అయినా ఆగలేదు.

"ఈడి సెయ్యి నేనే పాడుసేసినాను. పండనేదని తెలిసే నొక్కినాను. అందరూ నవ్వినారని నొక్కినాను. నా కాడికి ఇంకెవులూ రాకండి."

తలలూపినవాళ్లంతా గుమ్మం వైపు తిరిగారు.

"తెలిసేనేటి వొదినా?" అన్నాడు పోతురాజు.

"తెలిసే."

అతను ఎడమచేత్తో గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ నెలలో నలుగురు సెగ్గడ్డలతో సోంపేట ఆసుపత్రికి వెళ్లారు. ఇద్దరి వెంట ఆటోలో సన్యాసమ్మే వెళ్లింది. పోతురాజు ఇప్పుడు తన గంజి తనే వార్చుకుంటున్నాడు. మూడు వేళ్లకు కుండ జారుతుందని పక్కింటివాళ్లు చెబితే ఆమెకు తెలిసింది.