బావ దగ్గు, నా సాక్ష్యం

మా కుటుంబంలో ఆస్తి తగాదాలు లేవు, పంచుకోవడానికి ఆస్తి లేదు కనక. ఆ లోటు బావా నేనూ కార్లతో తీర్చుకున్నాం. బావ అంటే మా అక్క భర్త. గుడివాడలో ఉంటారు, నందివాడ దగ్గర చేపల చెరువులు చేస్తారు. నేను బందరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. పన్నెండేళ్ళ క్రితం, ఒకరికొకరం చెప్పుకోకుండా, ఒకే నెలలో ఇద్దరం డీజిల్ కార్లు కొన్నాం. చెప్పుకుని ఉన్నా వేరువేరు కార్లే కొనేవాళ్ళమని అక్క అంటుంది.

బావ కొన్నది ప్రతి వీధిలోనూ నాలుగు కనిపించే కంపెనీ కారు. దాన్ని నేను 'అందరి కంపెనీ' అనేవాణ్ణి. నేను కొన్నది ఒక ఐరోపా కంపెనీది. తలుపు వేస్తే ఇనప బీరువా మూసినంత గట్టిగా చప్పుడయ్యేది, ఆ చప్పుడు వినడానికే నేను అవసరం లేకపోయినా తలుపు తీసి వేసేవాణ్ణి. బావ మొదటిసారి నా కారు చుట్టూ తిరిగి చూసి, చిలకలపూడి గిల్టు నగలా ఉంది, తళతళ ఎన్నాళ్ళో చూద్దాం అన్నారు. ఆయన కారు తలుపు వేస్తే అప్పడం విరిగినట్టుందని నేనన్నాను. ఆ రోజు భోజనాల దగ్గర ఇద్దరికీ అక్కే విడివిడిగా వడ్డించింది.

మా సొంతూరు దివిసీమలో, అవనిగడ్డ దాటాక. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళమంతా ఏడాదికోసారి కోతపండుగకి అక్కడి చర్చికి చేరతాం. వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఆ ఏడాది మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి చెప్పుకుంటారు. ఒకరికి జబ్బు తగ్గి ఉంటుంది, ఒకరి కూతురికి ఉద్యోగం వచ్చి ఉంటుంది. మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. కార్లు కొన్న ఏడాది బావ లేచి, తనకి సరైన బండిని చూపించినందుకు దేవునికి స్తోత్రం చెప్పి, "లీటరుకి ఇరవై రెండు ఇస్తున్నాడండి ప్రభువు. ఏసీ వేసినా తగ్గించలేదు" అన్నారు. చర్చి అంతా ఆమెన్ అంది.

నేను ఊరుకుంటానా? లేచి నా బండి గురించి చెప్పాను. చర్చి నాకూ ఆమెన్ అంది. బావ మాత్రం దగ్గారు.

మీకు బావ ఆమెన్ గురించి చెప్పాలి. ఆయనది చెరువు ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు. ఎవరి సాక్ష్యానికైనా అందరి ఆమెన్ అయ్యాక ఆయనది విడిగా, బయట చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా వినిపిస్తుంది. మేక ఈనిందని చెప్పినవాళ్ళకి కూడా అది దక్కింది. నాకు మాత్రం ఏటా దగ్గే. నవ్వుకుంటే నవ్వుకోండి, ఈ పన్నెండేళ్ళలో నేను కోరుకున్నది ప్రమోషన్ కాదు, ఆ ఆమెన్.

దాని కోసం నేను శాస్త్రీయంగా కూడా ప్రయత్నించాను. ఒక తెల్ల నోటుపుస్తకంలో నిలువుగా గీత కొట్టి, ఒక వైపు నా ఇంజను, ఒక వైపు ఆయనది రాశాను. సిలిండర్లు ఎన్ని, సీసీ ఎంత, పిస్టన్ ఎంత దూరం కదులుతుంది, అన్నీ. చిత్రంగా రెండు వైపులా అంకెలు ఒకటే వచ్చాయి. హీట్ ఇంజన్ల పాఠం ఇరవై ఏళ్ళుగా చెబుతున్న నేను దాన్నించి తీసిన నిర్ణయం ఏమిటంటే, అందరి కంపెనీ వాళ్ళు మావాళ్ళని చూసి కాపీ కొట్టారని, కొట్టడం కూడా సరిగ్గా రాలేదని. ఈ మాట స్టాఫ్‌రూములో చాలాసార్లు చెప్పాను.

తర్వాత కంపెనీలకే గడ్డురోజులు మొదలయ్యాయి. నా కంపెనీ కార్లు అమ్ముడుపోవడం మానేశాయి. బెజవాడలో నేను కారు కొన్న షోరూములో సోఫాలు పెట్టి అమ్మడం మొదలెట్టారు. నేను సర్వీసింగుకని వెళ్తే, కూర్చుని చూడండి సార్ మెత్తగా ఉంటుంది అన్నారు. చివరికి కంపెనీ ఈ దేశంలో కార్లు అమ్మడమే మానేసింది. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు అన్నం సహించలేదు. ఆ ఏడాది కోతపండుగలో బావ లేచి, చెడ్డ ఎంపికల నుంచి తనని తప్పించినందుకు స్తోత్రం చెప్పారు. ఆ తర్వాత కొద్దికాలానికే అందరి కంపెనీ వాళ్ళు అసలు డీజిల్ కార్లే చెయ్యమని ప్రకటించారు. తర్వాతి పండుగలో నేను లేచి, ఎవరు వెళ్ళిపోయినా ఎవరు మానేసినా నా బండి నడుస్తూనే ఉంది అని సాక్ష్యం చెప్పాను. ఆ రోజు బావ దగ్గు ఎంతసేపు సాగిందంటే ఆడవాళ్ళ వైపు నుంచి మంచినీళ్ళు పంపించారు.

ఇక అక్కకి విసుగొచ్చింది. పోయినేడు పండగ భోజనాల దగ్గర మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పింది.

"వచ్చే పండక్కి ఎవరి బండి రాలేకపోతే వాళ్ళు లేచి, రెండో బండి గురించి సాక్ష్యం చెప్పాలి. అంతటితో ఈ గోల ఆగిపోవాలి. ఒప్పుకున్నట్టేనా?"

ఇద్దరం ఒప్పుకున్నాం. ఓడిపోతానని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

ఈ ఏడు పండగ ఇంకో వారం ఉందనగా, గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళి వస్తుంటే పామర్రు దగ్గర నా బండి బానెట్ నుంచి ఆవిరి లేచింది. ఆపి చూస్తే వాటర్ పంపు పోయి, నీళ్ళన్నీ రోడ్డు మీద ఉన్నాయి. ఒక పక్క నిండుగా కాలువ, ఒక పక్క వరిచేలల్లో నీళ్ళు, మధ్యలో నా బండి దాహంతో ఉంది. బావ చెరువులకి మేత తీసుకెళ్ళే లారీలు ఆ దారినే తిరుగుతాయి కాబట్టి నేను కండువా తల మీద వేసుకుని, తెలిసినవాళ్ళెవరూ చూడకుండా వేరే బండికి కట్టించి బందరు లాక్కెళ్ళాను.

మా మెకానిక్ షెడ్డు చిలకలపూడి వెళ్ళే దారిలో ఉంటుంది. ఆయన వాళ్ళది గిలకలదిండిలో చేపల వేటకెళ్ళే కుటుంబం. పడవ ఇంజన్లతో మొదలుపెట్టి కార్లకి వచ్చాడు. ఏ ఇంజనుకైనా ఆయన దగ్గర ఒకటే పరీక్ష. నడిసముద్రంలో ఆగితే దిగి తొయ్యడానికుండదండి, ఒడ్డుకి తెచ్చేదే ఇంజను అంటాడు. బావని ఆయనకి పరిచయం చేసింది నేనే. ఆ కారు చూసి ఇది నాసిరకం అని ఆయన నోటితో అంటాడని ఆశపడ్డాను. ఆయన రెండూ బాగున్నాయండి అన్నాడు. ఆయన పనితనం నచ్చి, అప్పటి నుంచి బావ గుడివాడలో పాతిక షెడ్లు వదిలి బందరు రావడం మొదలెట్టారు.

పంపు చూసి మెకానిక్ చాలాసేపు తల గోక్కున్నాడు. శనివారం సాయంత్రం రండి, చూద్దాం అన్నాడు. ఆ ఆరు రోజులు నేను పడిన బాధ పరీక్షలప్పుడు మా పిల్లలు కూడా పడరు. చర్చి మధ్యలో నిలబడి, లీటరుకి ఇరవై రెండు ఇచ్చే అందరి కంపెనీ కారుకి స్తోత్రం అని చెబుతున్నట్టు రోజూ ఊహించుకున్నాను. అవనిగడ్డకి బస్సులు ఎన్ని గంటలకో కూడా కనుక్కున్నాను.

శనివారం వెళ్ళేసరికి బండి స్టార్ట్ చేసి ఉంది. కావలించుకుందామనిపించింది. అప్పుడు షెడ్డు బల్ల మీద ఖాళీ అట్టపెట్టె కనిపించింది. దాని మీద అందరి కంపెనీ గుర్తు.

"ఇది వాళ్ళ పంపు కదా?" అన్నాను.

"వాళ్ళదేనండి."

"నా బండికి ఎలా సరిపోయింది?"

"సరిపోకేం మాస్టారూ, ఇంజను ఒకటేగా. మొదట చేసింది మీ కంపెనీవాళ్ళు. ఆ పద్ధతి కొనుక్కుని వాళ్ళూ చేసుకున్నారు. పైన రేకులూ పేర్లూ వేరు, అంతేనండి."

ఇన్నేళ్ళూ చెప్పలేదేమని అడిగాను. ఏది మంచిదని అడిగారు గానీ ఒకటేనా అని మీరెప్పుడూ అడగలేదుగా అన్నాడు.

నా నోటుపుస్తకంలో ఒకేలా ఉన్న అంకెలు గుర్తొచ్చాయి. సిగ్గుపడాల్సింది, కానీ ముందు సంతోషం వచ్చింది. పన్నెండేళ్ళుగా బావని లీటరుకి ఇరవై రెండు చొప్పున మోస్తున్నది నా కంపెనీ ఇంజను! ఇంతకాలం ఆయన చెప్పిన సాక్ష్యాలన్నీ నా బండికే చెందుతాయి! ఈ మాట రేపు చర్చిలో చెబితే ఆయన దగ్గడానికి కూడా ఊపిరి చాలదు. అంతలోనే రెండో సంగతి తట్టింది. ఇది చెబితే నా బండి వాళ్ళ పంపుతో నడుస్తోందన్నది కూడా బయటపడుతుంది.

"బావకి ఈ సంగతి చెప్పకు," అన్నాను.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

"ఆయనకి తెలుసండి. మీ కంపెనీ ఎత్తేసిన ఏడే కనుక్కున్నారు. మీకు చెప్పొద్దన్నారు. అసలే దిగులుగా ఉన్నాడు, ఇంక మన సామానే దిక్కని తెలిస్తే బండి అమ్మేసుకుంటాడయ్యా అన్నారు."

అప్పటి నుంచి నా బండికి పడిన ఫిల్టర్లూ బెల్టులూ అన్నీ అందరి కంపెనీవేనట. నా కంపెనీ పాత స్టాకు ఎక్కడో సంపాదిస్తున్నాడని నేను మెకానిక్‌ని మెచ్చుకుంటూ వచ్చాను. ఆయన పెట్టెలు దాచేస్తూ వచ్చాడు. ఈసారి మర్చిపోయాడు. పామర్రు సంగతి కూడా ఆయనే ఫోన్‌లో బావకి చెప్పాడట. పంపు బందరులో దొరక్కపోతే నిన్న పొద్దున బావే గుడివాడ నుంచి తెచ్చి ఇచ్చి వెళ్ళారట.

"పందెం సంగతి తెలిసి కూడానా?" అన్నాను.

"తెలిసేనండి. వాడు బస్సు దిగి నడిచొస్తుంటే ఆ మొహం నేను చూడలేనన్నారు."

ఇంటికి వస్తుంటే నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. నేను పన్నెండేళ్ళుగా నిజంగా పోట్లాడుతున్నాను. ఆయన సగం నుంచి నా కోసం పోట్లాడుతున్నారు. చెడ్డ ఎంపికల నుంచి తప్పించావు ప్రభువా అని ఆ ఏడు నిలబడి చెప్పినప్పుడు కూడా ఆయనకి అంతా తెలుసు. అంత నిబ్బరంగా చర్చిలో ఎలా చెప్పగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు చర్చి దగ్గర బావ కారు ముందే వచ్చి ఉంది. నా కారు చూసి, వచ్చిందే, తోసుకుంటూ వచ్చావేమో అనుకున్నాను అన్నారు. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. సాక్ష్యాల వేళకి ఆయన లేచి, ఎప్పట్లాగే మైలేజీ చెప్పి కూర్చున్నారు. తర్వాత నేను లేచాను. దారి పొడుగునా తయారుచేసుకున్న ప్రసంగం ఒకటి ఉంది నా దగ్గర. అందులో ఒక్క మాటా గుర్తు రాలేదు.

"నా బండి పామర్రులో ఆగిపోయింది," అన్నాను. "దానికి కావలసింది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు నిన్నే తెలిసింది. తెచ్చినవాళ్ళు చెప్పుకోలేదు కాబట్టి నేనూ చెప్పను. వాళ్ళని దేవుడు దీవించాలి."

చర్చి అంతా ఆమెన్ అంది. నేను కూర్చోకుండా దగ్గు కోసం ఎదురుచూశాను. దగ్గు మొదలైంది, సగంలో ఆగిపోయింది. అప్పుడు, అందరూ ముగించి పాటల పుస్తకాలు తెరిచాక, ఆమెన్ అని ఒక్క గొంతు వినిపించింది. అది చెప్పుల దాకా వెళ్ళే గొంతు కాదు. నా బెంచీ వరకు వచ్చింది.

బయట వేలంలో గుమ్మడికాయలకి పాట సాగుతుంటే బావ నా కారు దగ్గరికి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టారు.

"లీటరుకి ఎంతిస్తోంది?"

"మీదెంతిస్తే అంతే, బావా."

ఆయన నా మొహంలోకి చూసి, చెయ్యి తీసి, పంచె సర్దుకున్నారు.

"ఒకటి తక్కువే ఇస్తుందిలే," అన్నారు.

నేను ఒప్పుకోలేదు.