మునివెంకటప్ప నోట మిగిలిన మాట

మునివెంకటప్పకు మతి పోలేదు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి. ఊళ్ళో సగం మంది ఆయనకు మతి పోయిందంటారు, మిగతా సగం నటిస్తున్నాడంటారు. రెండూ అబద్ధమే. పోయింది మాట. మతి ఎక్కడికీ పోలేదు కాబట్టే, తన ఎదురుగా కూర్చుని తన గురించి వాగే ప్రతి నోటినీ వింటూ ఆయన లోపల్లోపల ఉడికిపోతున్నాడు.

బంగారుపాళ్యం మామిడి మార్కెట్టులో ఏళ్ళ తరబడి వేలంపాట పాడిన గొంతు ఆయనది. తోతాపురి కుప్ప పక్కన నిలబడి, తలకు తువ్వాలు చుట్టి పాట ఎత్తుకున్నాడంటే హైవే మీద లారీల మోత కూడా వినపడేది కాదు. మైకు తెస్తామంటే "నాకెందుకప్పా అది, ముసిలోళ్ళకు ఈండి" అనేవాడు. పాటతో పాటు ఆయన నోట్లో ఎప్పుడూ నానే మాట ఇంకొకటుండేది. "నీ పాడెగట్టా!" గంప జారవిడిచిన హమాలీని అదే అనేవాడు. రెండు గంపలు ఒకేసారి ఎత్తిన హమాలీనీ భుజం తట్టి అదే అనేవాడు. తిట్టు తిట్టే, చావు తిట్టే. అయినా మార్కెట్టులో ఎవరూ దాన్ని మనసులో పెట్టుకోలేదు. ఆయన మాత్రం ఆ మాటను ఇంటి గడప దాటి లోపలికి ఏనాడూ తేలేదు. కూతురు ఐశ్వర్య పుట్టాక గేటు దగ్గరే నోరు కడుక్కుని వచ్చేవాడని భార్య చెంగమ్మ ఎగతాళి చేసేది.

పోయిన మామిడి కాలంలో పాట మధ్యలోనే మూతి పక్కకు లాగేసింది, కుడి చెయ్యి వాలిపోయింది. పక్షవాతం. తిరుపతి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాడు. ఇంటికొచ్చిన మర్నాడు మంచినీళ్ళు అడగబోయాడు. నీళ్ళు అన్న మాట మనసులో కళ్ళకు కట్టినట్టుంది, నాలుక చివర దాకా వచ్చింది. నోరు తెరిస్తే, "నీ పాడెగట్టా!"

చెంగమ్మ చేతిలో చెంబు కింద పడింది. ఆమె కంటే ఎక్కువ అదిరిపోయింది ఆయనే. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. అన్నం అడిగినా అదే, ఫ్యాను వేయమన్నా అదే. పరామర్శకు వచ్చిన బావమరిదికి దండం పెట్టబోయి కూడా అదే అన్నాడు. ఆ బావమరిది ఇంతవరకు మళ్ళీ గడప తొక్కలేదు.

"తిట్టేదానికి వస్తాది ఆ నోరు. నీళ్ళడిగేదానికి రాదంట. ఎవురికి జెప్తాడు ఈ కత?" అని చెంగమ్మ ఇరుగుపొరుగు దగ్గర వాపోయేది. ఆమెను మాత్రం ఏం అనగలం? తిట్టు అంత స్పష్టంగా, మండీలో పలికినట్టే ఖంగున పలుకుతుంటే, మిగతా మాటలు రావంటే ఎవరు నమ్ముతారు? అవునా కాదా అని అడిగితే ఆయన తల ఊపగలడు, అడ్డంగానూ తిప్పగలడు. అడగాలన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

అప్పుడు వచ్చారు పరిశోధకులు. మెదడు, మాట, ఆరోగ్యం మీద తిరుపతిలో ఏదో పెద్ద అధ్యయనం చేస్తున్నారట. ప్రొఫెసర్ యోగానంద, ఆయన దగ్గర పనిచేసే మహిత. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చెంగమ్మతోనే మాట్లాడారు. బాగా నిద్రపోతాడా, కోపం వస్తుందా, ముందు నుంచీ ఇలా తిట్టేవాడా. పక్కన మంచం మీద మనిషి కాక మూట ఉన్నట్టు. "ఇంట్లో ఎప్పుడూ తిట్టలా సార్. ఇప్పుడే పట్టింది ఈ పోయేకాలం" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. "కోపం ఉండాది సామీ, శానా ఉండాది. నన్నడగండి" అని మునివెంకటప్ప అరవాలనుకున్నాడు. ఏం బయటికొచ్చిందో చెప్పనక్కర్లేదు. ప్రొఫెసర్ కళ్ళు మెరిశాయి.

తర్వాత బొమ్మలు చూపించారు. తాళంచెవి, దువ్వెన, ఆవు. ఇదేమిటి? నీ పాడెగట్టా. ఇదేమిటి? నీ పాడెగట్టా. ఒకటి నుంచి పది దాకా చెప్పమంటే గడగడా చెప్పేశాడు, వేలంపాట ఎత్తుకోమంటే రాగం తప్పకుండా ఎత్తుకున్నాడు. ఇన్నాళ్ళకు తన గొంతు తనకు వినపడి ఆయన ఒళ్ళు ఝల్లుమంది. నాలుగు వేళ్ళు చూపించి ఇవెన్ని అని అడిగితే మళ్ళీ తిట్టే. పరిశోధకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని సంబరపడ్డారు. "చాలా అరుదుగా ఇంత స్పష్టంగా దొరుకుతుంది" అని ప్రొఫెసర్ మహితతో అన్నాడు. ఏం దొరికిందో చెంగమ్మకు చెప్పలేదు. టీ తాగి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఐశ్వర్య కాన్పుకు వచ్చింది. ఆమెను ఇచ్చింది నాయుడుపేటలో. అల్లుడు అక్కడే కంపెనీలో పని. నాయనకు మాట రాలేదులే అని ఫోనులో చెంగమ్మ సర్ది చెప్పిందే తప్ప, ఏం వస్తున్నదో చెప్పలేదు. అత్త నిర్మలమ్మ స్వయంగా తోడొచ్చింది. ఏడో నెల కడుపుతో కూతురు గడపలో నిలబడి "నాయనా" అనగానే మునివెంకటప్ప ఎడమ చెయ్యి చాపి లేచాడు. వచ్చినావా తల్లీ అందామని. ఐశ్వర్యా అందామని.

"నీ పాడెగట్టా!"

నిర్మలమ్మ మొహం నల్లబడింది. ఐశ్వర్య రెండు చేతులూ కడుపు మీదికి వెళ్ళాయి. ఆ చేతులను చూసి మునివెంకటప్ప ప్రాణం చచ్చిపోయింది. కాదు, కాదు అని తల అడ్డంగా తిప్పుతూ మాట సరిదిద్దబోయాడు. అదే మాట మరో రెండుసార్లు వచ్చింది, ముందుకంటే గట్టిగా.

"కడుపుతో ఉండే పిల్లని గడపలోనే అట్టా అంటాడా వదినా మీ ఆయన? వారం చూస్తా. ఈలోగా ఆ నోరు మూతపడకపోతే బిడ్డని మా ఇంటికే తీసుకోని పోతా. కాన్పు మేమే చేసుకుంటాం" అని నిర్మలమ్మ నీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కింది.

నోరు మూతపడింది. మునివెంకటప్పే మూసేశాడు. ఆ రోజు నుంచి దాహమైతే చెంబు వైపు చూపించడం, లేకపోతే ఊరుకోవడం. పాట కూడా ఎత్తలేదు. కూతురు పక్కన కూర్చుని "నాయనా, నా మీద కోపమా? నేనేం జేసినా?" అని అడిగితే పళ్ళు బిగబట్టి మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. ఆ తిప్పుకోవడం చూసి ఆమె ఇంకా ఏడ్చేది. దేవుడి మీద, నాలుక మీద, తల ఊపితే చూడని పెళ్ళాం మీద, అందరి మీదా ఆయనకు మండిపోయేది. మండి ఏం లాభం? ఆ మంటకు ఉన్న మాట ఒక్కటే, దాన్ని కూతురి ముందు అనకూడదు.

వారం తిరిగేసరికి నిర్మలమ్మ కారు మాట్లాడుకుని వచ్చింది. తిట్టు ఆగినా నాయన తన మొహం చూడడం లేదని ఐశ్వర్య కూడా బట్టల సంచి సర్దుకుని వాకిట్లోకి తెచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ యోగానంద దిగబడ్డాడు, ఈసారి మహితతో పాటు నలుగురైదుగురు విద్యార్థులతో. వాళ్ళ చేతుల్లో ఫోన్లు అప్పటికే వీడియో తీస్తున్నాయి.

"కూతురా? భలే సమయానికి వచ్చాం. అమ్మా, మీరు ఇలా ఎదురుగా నిలబడండి. పెద్దాయనా, ఈమె ఎవరు? పేరు చెప్పండి."

మునివెంకటప్ప పళ్ళు బిగించాడు.

"అనండి, పరవాలేదు. పోయినసారి అన్న మాటే అనండి."

ఆయన దవడలు వణికాయి. నోరు తెరవలేదు. ప్రొఫెసర్ ఒంగి ఆయన గడ్డం కింద వేలు పెట్టి, చంటిబిడ్డను మాట్లాడించినట్టు "ఊఁ... ఎవరూ?" అన్నాడు. ఒక విద్యార్థి కిసుక్కుమన్నాడు. మునివెంకటప్ప ఎడమ చేత్తో విసిరికొడితే స్టూలు మీద స్టీలు గ్లాసు ఎగిరి వాకిట్లో పడింది.

"చూశారా?" అంది నిర్మలమ్మ. "పద అమ్మాయీ."

మహిత గాభరాగా విద్యార్థుల వైపు తిరిగి, "ఎందుకు నవ్వుతారు? ఆయన తిడుతున్నారనుకుంటున్నారా? మెదడులో ఎడమ పక్క మాటలు కూర్చుకునే చోటు దెబ్బతింది. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన తిట్టు, పాట, అంకెలు వేరే దారిన వస్తాయి కాబట్టి అవే మిగిలాయి. ఆయన లోపల అనుకునేది కూతురి పేరే. బయటికి రాగలిగేది ఆ తిట్టొక్కటే" అంది.

సంచి చేతిలో ఉన్న ఐశ్వర్య ఆగిపోయింది.

"ఏమన్నారు మేడం? మళ్ళా జెప్పండి."

మహిత మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా.

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

మహిత నేల చూసింది. "పోయినసారి వచ్చినప్పుడే. ఆసుపత్రి వాళ్ళు మీకు చెప్పి ఉంటారనుకున్నాం."

"అనుకున్నారా!" ఐశ్వర్య సంచి నేలకేసి కొట్టింది. మార్కెట్టు గొంతు ఎవరికి వచ్చిందో ఆ వీధికి అప్పుడు తెలిసింది. "మా అమ్మ పోసిన టీ తాగినారే, పోతా పోతా ఒక్క మాట జెప్పేదానికి నోర్లు రాలేదా మీకు? మా నాయనకు పచ్చవాతం వచ్చె, మీకేమొచ్చె? ఆయన వారం రోజులుగా నోరు కుట్టేసుకోని ఉండాడు. నా బిడ్డకు తగుల్తాదని! నేను ఆయనకు నా మీద కోపమని ఏడస్తా ఉండా! మీకు దొరికిందంట, అరుదుగా దొరికిందంట, మా అమ్మ జెప్పింది! ఆపండి ఆ ఫోన్లు. ఒక్కటి కనపడినా పగలగొడతా."

ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. "అమ్మా, అధ్యయనం ఇంకా పూర్తి కాలేదు, మధ్యలో చెప్పడం పద్ధతి కాదు..." అని ప్రొఫెసర్ మొదలుపెట్టాడు.

మునివెంకటప్ప కర్ర ఆనించుకుని లేచాడు. ప్రొఫెసర్ మొహంలోకి సూటిగా చూసి, వారంగా దాచుకున్న ఊపిరంతా పెట్టి, "నీ పాడెగట్టా!" అన్నాడు. అందులో మాత్రం నోరు తడబడిందేమీ లేదు. అనదలుచుకున్నదే అన్నాడు. ప్రొఫెసర్ విద్యార్థులను తోలుకుని గేటు దాటాడు. మహిత మాత్రం చెంగమ్మ దగ్గర ఆగి, "అవునా కాదా అని అడగండమ్మా, ఆయన చెప్తారు. పాటతో మాట నేర్పే పద్ధతి ఒకటుంది, నేను వచ్చి చూపిస్తాను. తప్పు మాదే" అంది. చెంగమ్మ ఆమెను రమ్మనలేదు, వద్దనలేదు. మొగుడి వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి అడుగుతున్నట్టు, "నీళ్ళు గావల్నా?" అంది. ఆయన తల ఊపాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

"ఎవరేం చెప్పినా చావు మాట చావు మాటే. కారు ఎంతసేపు నిలబెడతాం?" అంది నిర్మలమ్మ.

 ఐశ్వర్య బరువుగా వచ్చి నాయన మంచం ముందు నేల మీద కూర్చుంది.

"నాయనా, నన్ను పిలువు."

ఆయన పళ్ళు బిగించి తల అడ్డంగా తిప్పాడు. కళ్ళు ఆమె కడుపు మీదే ఉన్నాయి.

"పిలువంటా ఉండా గదా! నా బిడ్డకు ఏం గాదు. నువ్వు పిలవకపోతేనే అయితాది. అత్తా, నువ్వు గూడా ఇను. పిలువు నాయనా!"

మునివెంకటప్ప పెదవులు చాలాసేపు కదిలాయి. కుడి మూల నుంచి చొంగ జారింది. ఆమె పేరు లోపల ఎంత స్పష్టంగా ఉందో ఆయనకొక్కడికే తెలుసు. ఆఖరికి మెల్లగా, ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ పిలవనంత ముద్దుగా, పిలిచాడు.

"నీ పాడెగట్టా."

"ఏం నాయనా?" అంది ఐశ్వర్య.