రంగు వేశాక స్టార్టవని కారు

నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది నేను కారు తయారుచేయడం మొదలుపెట్టాను.

ఆనందపురం అవతల ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చిన జీడితోట ఉంది. గేటు నుంచి బావి దాకా అర కిలోమీటరు దారి. అంతా ఎత్తుపల్లాలు, ఎర్రమట్టి, వాన పడితే జారుడు. ఆదివారం గాజువాక నుంచి మేం తోటకు వెళ్తే సాయంత్రం దాకా ఆమె చెట్టు చెట్టునూ పలకరించి వచ్చేది. ఆపరేషన్ తర్వాత గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లు వచ్చి ఏ చెట్టు పూసిందో, ఏ కొమ్మ విరిగిందో చెబితే వినేది. వెళ్లలేకపోతున్నానని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

మాది గోదావరి జిల్లా. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ల కరెంటు పని చూడటానికి ఇరవై రెండేళ్ల వయసులో గాజువాక వచ్చి, ఆ పనిలోనే రిటైరయ్యాను. ఇంజిన్ల సంగతి నాకు అంతంతమాత్రం. అది తెలిసినవాడు నా స్నేహితుడు. యారాడలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, సముద్రం మీద వాంతులు ఆగక, ఒడ్డునే ఉండి బోటు ఇంజిన్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా పాతికేళ్లుగా నన్ను బావా అనే పిలుస్తాడు. నా ఆలోచన చెప్పగానే, రోడ్డెక్కించడానికి రిజిస్ట్రేషన్ ఎవరిస్తారని అడిగాడు. రోడ్డు ఎక్కదు, తోట దాటదు అన్నాను. అయితే సరేనన్నాడు.

పాత ఇనుము కొట్లో ఒక చిన్న కారు దొరికింది. దాని ఇంజినూ, గేరుబాక్సూ, చక్రాలూ తీసుకుని, చదరపు పైపులతో చట్రం వెల్డింగ్ చేశాం. తలుపులు పెట్టలేదు. సీటు ఎత్తు మాత్రం ఊరికే పెట్టింది కాదు. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మోకాలు నొప్పెట్టకుండా ఎంత ఎత్తు నుంచి లేవగలదో టేపు పెట్టి కొలిచాను. రవికె కొలతలు తీసుకుంటున్నట్టుందని ఆమె నవ్వింది.

గాజువాకలో మా పెరటి రేకుల షెడ్డు కింద మొదటిసారి తాళం తిప్పినప్పుడు ఇంజిన్ వెంటనే అందుకుంది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. ఆ సంతోషంలో మళ్లీ మొత్తం ఊడదీసి రంగు వేయడానికి పూనుకున్నాను. వంకాయ రంగు కావాలని ఆమె కోరింది. చట్రానికి మూడు పూతలు వేశాను. ఒక్క మూల కూడా వదల్లేదు. ప్రతి పైపునూ, ప్రతి బోల్టు రంధ్రాన్నీ పట్టిపట్టి పూశాను. నెల రోజులు ఆరబెట్టి, తిరిగి బిగించి, ఒక ఆదివారం ఉదయాన్నే చిన్న లారీ మీద తోటకు చేర్చాం.

గేటు లోపల దాన్ని దించాక ఆమె నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. సీట్లో కూర్చుని నేను చెప్పినట్టే తాళం తిప్పింది.

టక్ మని ఒక చప్పుడు వచ్చింది. అంతే. ఇంకోసారి తిప్పింది. టక్.

లైట్లు బాగానే వెలుగుతున్నాయి. హారన్ మోగుతోంది. కాబట్టి బ్యాటరీ తప్పు కాదని అనుకున్నాను. అయినా మీటరు పెట్టి చూశాను. బాగానే ఉంది. ఆమెను తాళం తిప్పి పట్టుకోమని, మీటరు నల్లవైరు చట్రానికి తగిలించి, ఎర్రవైరు ఇంజిన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారు మీద పెట్టాను. అక్కడికీ పన్నెండు వోల్టులు వస్తున్నాయి. కరెంటు అందుతోంది, మోటారు మాత్రం తిరగడం లేదు.

నా స్నేహితుడికి ఇంకేం అనుమానం మిగల్లేదు.

"మోటారే పోయింది బావా. ఉప్పుగాలి తగిలితే ఇంతే. బోట్లకి రోజూ సూత్తన్నాను గదా" అన్నాడు.

రంగు వేసే నెల రోజులూ మోటారును గుడ్డలో చుట్టి ఇంట్లోనే దాచానని చెప్పినా వినలేదు. మీటరూ అతని మాటే చెబుతోంది. ఇద్దరం కింద పడుకుని, మట్టి కళ్లలో పడుతుంటే మోటారు ఊడదీశాం. గంట పట్టింది. దాన్ని నేల మీద పెట్టి, అతను కాలితో తొక్కి పట్టుకుంటే, నేను బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు తగిలించాను. అది గిర్రున తిరిగింది. అతని కాలి కింద నుంచి ఎగిరిపోబోయింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మోటారు బాగుంది. బ్యాటరీ బాగుంది. మధ్యలో వైరు బాగుంది. మూడూ బాగున్నప్పుడు కారెందుకు కదలదు?

అప్పటికి ఎండ ఎక్కింది. పిక్కలు ఏరే ఆడవాళ్లు పని మానేసి జీడిచెట్టు నీడలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. వాళ్లు మా ఆవిడతో ఏదో అంటే ఆమె నవ్వడం వినిపించింది. వంద టన్నుల క్రేను మధ్యలో ఆగిపోతే, కింద కరిగిన ఇనుము బకెట్‌లో ఉండగా, పైకెక్కి తప్పెక్కడుందో పట్టుకున్నవాణ్ని. పన్నెండు వోల్టుల బొమ్మలాంటి బండి ముందు ఓడిపోతున్నానా అనిపించింది. మోటారు మళ్లీ బిగిస్తుంటే స్పానర్ జారి వేలి కణుపు చీరుకుపోయింది. నా స్నేహితుడు తన తువ్వాలు చించి కట్టాడు. ఆమె చోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసుల్లో పోసి అందించింది. తాగి కాసేపు కూర్చున్నాం.

ఈసారి మోటారుకి కరెంటు వదిలే రిలే మారుద్దామని నేను, తాళం స్విచ్ మారుద్దామని అతను. వాదన తేలలేదు. ముందు ఇంకోసారి వోల్టేజీ చూద్దామని ఆమెను సీట్లో కూర్చోమన్నాను. నేను ముందువైపు మీటరు పట్టుకుని, తిప్పు, వదులు, తిప్పు, వదులు అని చెబుతూ పోయాను. నాలుగైదుసార్లు అలా చేశాక యాక్సిలరేటర్ పెడల్ కిందికి దిగిపోయి లేవడం లేదంది. వంగడానికి మోకాలు సహకరించకపోయినా చెయ్యి చాచి పెడల్‌ను పైకి లాగబోయింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏటండీ, ఈ తీగ కాల్తంది" అంది.

ఏ తీగ అని అడిగాను. పెడల్ నుంచి ఇంజిన్‌కి పోయే తీగ అంది. యాక్సిలరేటర్ కేబుల్‌కి కరెంటుతో సంబంధం లేదని, ఎండకి వేడెక్కి ఉంటుందని చెప్పాను.

"ఎండ ఇక్కడెక్కడుందండీ? సీటు కింద నీడే గదా. నాను అబద్ధం సెప్తన్నానేటి, ఓపాలి సెయ్యెట్టి సూడండి."

వెళ్లి వేలు పెట్టాను. చురుక్కుమంది. కేబుల్ పైనున్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, సన్నగా కాలిన వాసన వేస్తోంది.

ఆ వాసన ముక్కుకు తగలగానే సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. మోటారుకి వెళ్లిన కరెంటు ఇంజిన్ ఒంటిలోంచి చట్రానికి, చట్రంలోంచి బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజిన్‌కీ చట్రానికీ మధ్య అందుకోసమే ఒక మందపాటి జడ వైరు బిగిస్తారు. నేనూ బిగించాను, కానీ మూడు పూతల రంగు మీద. రంగులోంచి కరెంటు పారదు. బ్యాటరీ వైరు, పెడల్ బిగించిన బోల్టుల దగ్గర రంగు చిట్లి ఇనుము తగిలింది కానీ, జడ వైరు దగ్గర చిట్లలేదు. పెద్ద దారి మూసుకుపోతే అది దొరికిన చిన్న దారి పట్టింది. ఇంజిన్ నుంచి పెడల్‌కీ, పెడల్ నుంచి చట్రానికీ ఉన్న ఆ సన్నటి కేబుల్‌లోంచి పోవాలని చూసింది. అంత భారం మోయలేక కేబుల్ కాలుతోంది. మీటరు నల్లవైరును ఇంజిన్‌కి కాకుండా చట్రానికి తగిలించాను కాబట్టి అది నాకు సగం నిజమే చెప్పింది. ఎర్త్ సరిగా లేకపోతే మిగతావన్నీ అబద్ధాలే చెబుతాయని ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లందరికీ పాఠం చెప్పింది నేనే.

నా స్నేహితుడి సంచిలోంచి జంపర్ కేబుల్ తీసి, ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ ఇనుముకి పట్టించి, తిప్పమన్నాను.

ఇంజిన్ ఒక్క చుట్టులోనే అందుకుంది. చెట్టు కింద ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమె తాళం వదలకుండా అలాగే పట్టుకుని ఉంటే, వదలమని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆపేశాక నేను ఉప్పుకాగితం తీసుకుని కింద దూరాను. ఎంతో ప్రేమగా వేసిన రంగును రూపాయి బిళ్లంత మేర గీకేయడానికి చెయ్యి రాలేదు. రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను. నా స్నేహితుడు వంగి చూసి, "ఇలా తే బావా, నాను గీకుతాను. నీకు పాపం పెళ్లికూతురు బుగ్గ గీకినట్టుంది" అన్నాడు. తెల్లగా ఇనుము మెరిసేదాకా అతనే గీకాడు. జడ వైరు దాని మీద బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు పూశాం. కాలిన కేబుల్ స్థానంలో అతని సంచిలో ఉన్న బోటు కేబుల్ వేసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

తప్పు పట్టుకున్నది ఆమేనని నా స్నేహితుడు ఆడవాళ్లందరికీ చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసున్న బావ మీటరుతో వెతికాడు, అక్క చేత్తో పట్టుకుంది అన్నాడు. నాకు కొంచెం గుచ్చుకుంది కానీ, అది నిజమే. ఆమె మాత్రం తనేదో కారు పాడుచేశానేమోనని ఆ కాసేపూ భయపడ్డానని తర్వాత నాతో చెప్పింది.

ఆమెకు డ్రైవింగ్ రాదు. ఆ రోజు నేను నడుపుతుంటే పక్కన కూర్చుంది. బావి దాకా పోయేసరికి మూడుచోట్ల ఆపమంది. ఒకచోట కొమ్మ వంచి పూత చూసింది. ఇంకోచోట దిగి, కాండానికి పురుగు పట్టిందని గోటితో గిల్లి చూపించింది. ఈ చెట్టు సంగతి నాకెవరూ సెప్పలేదే అని తనలో తాను అనుకుంది. బావి గట్టు మీద కూర్చుని, అక్కడి నుంచి కనిపించే చెట్లను వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

వానలు మొదలయ్యేలోపు ఆమె నడపడం నేర్చుకుంది. రెండో గేరు దాటదు, దాటాల్సిన పనీ లేదు. ఇప్పుడు ఆదివారం తోటకు వెళ్తే తాళం తీసుకుని ముందు తనే ఎక్కుతుంది. పక్కసీట్లో ఎరువు బస్తా, వెనక గంపలు పెట్టుకుంటుంది కాబట్టి అందులో నాకు చోటుండదు. నేనూ నా స్నేహితుడూ దుమ్ములో కబుర్లు చెప్పుకుంటూ ఆ వంకాయ రంగు బండి వెనకే నడిచి వెళ్తాం.