ఊయల కింద మొసలి

ఒబ్దూలియా పుట్టింది కొండల్లో. అక్కడ తేళ్ళుంటాయి, తోక గలగలలాడించే గిలక్కాయ పాములుంటాయి. చెప్పులు దులిపి తొడుక్కుంటే తీరిపోయే భయాలవి. క్రిసోఫోరోను కట్టుకుని పసిఫిక్ ఒడ్డున ఉన్న ఈ ఊరికి కాపురానికి వచ్చాకే, దులిపినా పోని భయం ఆమెను పట్టుకుంది. పెరడు దాటితే మడచెట్లు. వాటి వేళ్ళ మధ్య నల్లటి ఉప్పుమడుగు. ఆ మడుగులో ఎక్కడో ఒకచోట నీటికి సమంగా రెండు కళ్ళు.

ఊళ్ళోవాళ్ళకు అదొక వింత కాదు. పిల్లలు వంతెన మీద నిలబడి మొసళ్ళను పేర్లు పెట్టి పిలుస్తారు. తొలకరికి పీతలు దండుగా వీధి దాటి వంటింట్లో దూరితే చీపుళ్ళతో నెట్టేస్తారు. ఇంటికప్పు మీద ఉడుముల్లాంటి ఇగువానాలు ఎండకు పడుకుంటే తలెత్తైనా చూడరు. పీతలకూ ఇగువానాలకూ ఒబ్దూలియా అలవాటు పడింది. మొసలికి మాత్రం పడలేకపోయింది. బట్టలుతికేటప్పుడు మడుగు వైపు వీపు తిప్పేది కాదు. కోడి కనిపించకపోతే వెతకడానికి వెళ్ళేది కాదు, పోయిందనుకుని ఊరుకునేది.

అత్త ఎల్పీదియాకు ఇదంతా కాలక్షేపం. ముసలావిడకు చెవులు సగం పోయాయి గానీ నోరు నిక్షేపంగా ఉంది.

"ఏమే కొండదానా! ఆ మొసలి నీ కోసమే కాచుక్కూచుందా? నీ ఒంట్లో ఏముందే, బొమికలు తప్ప!"

"నవ్వండత్తా, నవ్వండి. ఏదో ఒకనాడు గడపలోకే వస్తుంది చూడండి."

"వస్తే రానీ. వేడివేడి రొట్టె పెట్టి కూచోబెట్టు."

ఆ ఏడు వానలు ఊరిని ముంచెత్తాయి. మడుగు పెరట్లోకి వచ్చి వసారా మెట్టును తాకింది. పొద్దున పట్టిన చేపల్లో కొన్ని ఇంటికని బకెట్లో వదిలి, మిగిలినవి అమ్మడానికి క్రిసోఫోరో సంతకు పోయాడు. ఒబ్దూలియా మొక్కజొన్న పట్టించుకురావడానికి పిండిమరకు వెళ్ళింది. అత్త వసారాలో వల ఊయల్లో నిద్రపోతోంది.

పిండి తపేలాతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిన ఒబ్దూలియాకు ఊయల కింద ఒక దుంగ కనిపించింది. వరదకు కొట్టుకొచ్చిందేమో అనుకుంది. అంతలో ఆ దుంగ కన్ను మూసి తెరిచింది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పాత ఊయల, బాగా కిందికి సాగిపోయింది. ముసలావిడ కాలొకటి బయటకు వేలాడుతోంది. ఆ మడమకూ మొసలి మూతికీ మధ్య జానెడు కూడా లేదు. అరుద్దామంటే భయం. మెలకువ రాగానే ముందు రెండు కాళ్ళూ కింద పెట్టడం అత్తకు అలవాటు.

చేపల బకెట్ వసారా మూలలో పొయ్యి పక్కనే ఉంది. తపేలా దించి, గోడకు వీపు రాసుకుంటూ, ఊపిరి బిగబట్టి అక్కడికి చేరింది. లోలోపల "గ్వాదలూపే తల్లీ, నా తల్లీ" అని మొక్కుకుంటూ ఒక చేప తీసి పెరట్లోకి విసిరింది. అది నీళ్ళలో పడ్డా మొసలి కదల్లేదు. రెండోది విసిరేటప్పుడు వేళ్ళలోంచి జారింది. అది సూటిగా పోయి అత్త పొట్ట మీద పడింది.

"ఎవత్తే అది! పచ్చిచేపలు నా మీద పోస్తోంది!" ముసలావిడ లేచి కాలు కిందికి దించబోయింది.

"కాళ్ళు పైకి! అత్తా, కాళ్ళు!"

"ఏంటీ? కళ్ళా? కళ్ళకేమైంది?"

తర్వాత ఏం చేసిందో ఒబ్దూలియాకు సరిగా గుర్తులేదు. బకెట్‌లో ఉన్నదంతా వసారా మెట్టు మీద కుమ్మరించి, ఊయల దగ్గరకు ఉరికి అత్త రెండు కాళ్ళూ తన గుండెలకేసి ఎత్తిపట్టుకుంది. మొసలి బుస్సుమంది. దాని వీపు ఆమె పాదాన్ని రాసుకుంటూ కదిలింది. తడిసిన రాయిలా చల్లగా తగిలింది. తోక విసురుకు కుండలు పగిలాయి. మెట్టు మీది చేపలను గబగబా మింగి, నీళ్ళలోకి జారిపోయింది.

అప్పుడు చూసింది ఎల్పీదియా, ఆ తోకను. ఆ రోజంతా ఆమె ఊయల్లోంచి కాలు కింద పెట్టలేదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. చేపల రుచి మరిగిన మొసలి మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. "అయ్యో పిచ్చిదానా, నువ్వే దాన్ని భోజనానికి పిలిచావు కదే!" అని క్రిసోఫోరో తల పట్టుకున్నాడు. ఆఖరికి జాలర్లు ఉచ్చు వేసి, మూతి కట్టి, పడవలో మడుగు అవతలి చివరికి తీసుకుపోయి వదిలారు.

"ఇక నిశ్చింతేనా?" ఒబ్దూలియా అడిగింది.

"దానికి దారి తెలియదనుకుంటున్నావా?" అన్నాడొక ముసలి జాలరి. ఆయన నవ్వలేదు.

కొండల్లోకి పోదామని ఆమె మొగుణ్ణి బతిమాలింది. "అక్కడ నేనేం పట్టాలే, తేళ్ళా?" అన్నాడతను. పోలేదు. పెరడు చుట్టూ మడకర్రలతో దడి కట్టాడు. ఒబ్దూలియా రోజూ ఒక్కో కర్రనూ ఊపి చూస్తుంది. ఏదో ఒకటి వదులుగా ఉన్నట్టే ఆమెకు అనిపిస్తుంది.

ఇరుగుపొరుగు వచ్చినప్పుడు ఎల్పీదియా ఇప్పటికీ కోడలి పిరికితనం చెప్పి నవ్విస్తుంది. వాళ్ళు వెళ్ళాక మాత్రం ఊయల్లో కాళ్ళు ముడుచుకుని, గొంతు తగ్గించి పిలుస్తుంది.

"అమ్మాయ్, కాస్త కింద చూడవే."

ఒబ్దూలియా వంగి చూస్తుంది. వంగే ముందు ప్రతిసారీ ఆమె గుండె ఆగుతుంది.