జిడ్డు మేడమ్

జిడ్డు మేడమ్ దృష్టిలో మనుషులంతా నడిచే నూనె సీసాలు. ప్రయోగశాలలోకి ఎవరొచ్చినా ముందు వాసన చూసి, తర్వాతే పలకరించేది.

"తలకి నూనె రాశావా నాయనా?"

"నిన్న రాశాను మేడమ్."

"రేపు రా."

పళ్ళెంలోని నీళ్ళ మీదికి లేజరు వెలుగు పంపి, తిరిగొచ్చే వెలుగును బట్టి పైపొరలో అణువులు ఎటు తిరిగి నిలబడ్డాయో కనిపెట్టడం అక్కడి పని. వేలు తగిలితే చాలు, జిడ్డు పళ్ళెమంతా పాకి లెక్క తారుమారవుతుంది. ఒకసారి డైరెక్టరుగారినే గుమ్మంలో ఆపేసింది. "సెంటు పూసుకున్నారుగా, కిటికీలోంచి చూడండి." పాపం, ఆయన వరండాలో నిలబడి అరగంట చూశాడు.

అందరూ నవ్వుకున్నారు గానీ, పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయనకి మాత్రం కడుపు మండిపోయేది. అదే లేజరు, అవే నీళ్ళు. ఆవిడ గ్రాఫు గీత గీసినట్టుండేది, తనది గతుకుల రోడ్డులా ఉండేది. ఆవిడకి పొగడ్త వచ్చిన రోజున ఆయనకి అన్నం సహించేది కాదు.

అలాంటిది, ఒకనాడు ఆయన గ్రాఫులో ఎవరూ చూడని కొత్త శిఖరం లేచింది. మూడు వారాలు వరసగా లేచింది. ఆయన గుట్టుగా ఉంచి, అందరి ముందూ ఉపన్యాసానికి సిద్ధమయ్యాడు. ముందురోజు మేడమ్ వచ్చి, బల్ల మీది గ్రాఫు చూసి, ఆయన చెయ్యి వాసన చూసింది.

"ఏం రాస్తున్నావు?"

"చర్మం పగిలితే మా ఆవిడ క్రీము ఇచ్చింది. గ్లౌజులు వేసుకుంటున్నాగా."

"ఆ గ్లౌజులు తొడిగేది ఈ చేత్తోనేగా?"

"నా గ్రాఫు చూసి కళ్ళు కుడుతున్నాయా మేడమ్?"

ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే చేతులు శుభ్రంగా కడుక్కుని, క్రీము రాయకుండా ప్రయోగం చేశాడు. శిఖరం మాయం. పది గంటలకి హాలు నిండిపోయింది. వేదిక ఎక్కి, కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. అంతలో ముందు వరసలో మేడమ్ లేచింది.

"ఒక్క మాట. ఇతని పళ్ళాలు నేను సరిగ్గా కడగలేదు. ఇతని గ్రాఫులో లేచిన కొత్త శిఖరం నా జిడ్డే. మళ్ళీ చేశాక చెబుతాడు, అప్పుడు విందురుగాని."

జిడ్డు మేడమ్ దగ్గరే జిడ్డా అని హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడా నవ్వింది.

ఆయన ఆవిడ వెనకాలే పరిగెత్తాడు. "మేడమ్, నా పళ్ళెం నేనే కడుక్కుంటాను కదా."

"తెలుసు."

"మరెందుకలా చెప్పారు?"

"వచ్చే నెల రిటైరవుతున్నాను. నాకొచ్చిన చెడ్డపేరు నెల్లాళ్ళుంటుంది. నీకొస్తే ముప్పై ఏళ్ళుంటుంది. పద, పని చూసుకో."

ఆయన బల్ల దగ్గరికొచ్చి కూలబడ్డాడు. ఆవిడ తెలివి మీద కుళ్ళుకోవడం ఇన్నాళ్ళూ తేలికగానే ఉండేది. ఇప్పుడు ఆ మనసు మీద అసూయ మొదలైంది. దీనికి మందేమిటో తోచక, పళ్ళెం తీసుకుని కడగడం మొదలుపెట్టాడు.