అక్క పేరు మీద సెలవు

మున్సిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పే ఉద్యోగం అతనిది. ఇరవై తొమ్మిదేళ్లుగా పదకొండు వీధులకు నీళ్లు వదలడం, కట్టేయడం అతని పని. భుజాన వాల్వు తిప్పే పొడవాటి ఇనుప తాళంచెవితో మలుపు తిరిగాడంటే చాలు, ఇళ్లలో బకెట్లు కదిలేవి. మాట తక్కువ మనిషి. ఒళ్లు కాలిపోతున్నా తలకు తువ్వాలు చుట్టుకుని పనికి వచ్చేవాడే తప్ప, సెలవు చీటీ ఎలా ఉంటుందో ఎరగడు.

అలాంటివాడికి యాభై నాలుగో ఏట సెలవు కావలసి వచ్చింది. రెండు వీధుల అవతల ఒంటిగదిలో కుట్టుమిషను మీద బతుకుతున్న అక్క, అటక మీది గుడ్డల మూట అందుకోబోయి స్టూలు మీద నుంచి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంటికి వెళ్లాక ఆరు వారాలు పక్కనే మనిషి ఉండాలని, ఒంటరిగా అడుగు వేయనివ్వొద్దని గట్టిగా చెప్పాడు. అతని భార్యకు బడిలో ఉద్యోగం, పొద్దున వెళితే సాయంత్రానికి గాని రాదు. ఇక మిగిలింది తనే. తనే చేయాలనీ ఉంది. అమ్మానాన్నలు ఒకే ఏడాదిలో పోతే, ఎనిమిదేళ్ల తమ్ముణ్ణి పదిహేనేళ్ల ఆ అక్కే పెంచి పెద్దచేసింది.

ఆఫీసు మేడమీద సెలవుల ఫైళ్లు చూసే గుమస్తా నడివయసు ఆవిడ. దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లోవాళ్ల జబ్బు కోసం ఇచ్చే సెలవు ఉంది గాని, ఇంట్లోవాళ్లంటే భార్యాపిల్లలు, తల్లిదండ్రులేనట. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అందులోకి రారట. అతను సరేనని తలూపి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“మా అమ్మ మొహం నాకు సరిగా గుర్తు లేదమ్మా. ఎనిమిదో ఏటి నుంచి నాకు అన్నం పెట్టింది మా అక్కే.”

ఆవిడ అతణ్ణి వెనక్కి పిలిచి కూర్చోమంది. నిబంధనల పుస్తకం తిరగేసి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టింది. తల్లిదండ్రుల స్థానంలో ఉండి పెంచినవారు కూడా తల్లిదండ్రులతో సమానమేనని ఉంది. అయితే నోటిమాట చాలదు. చదువుకున్న బడిలో పాత రిజిస్టరు ఏమైనా దొరుకుతుందేమో చూడమంది.

దొరికింది. అతని పేరుకు ఎదురుగా సంరక్షకుల గడిలో అక్క సంతకం, అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టినట్టుంది. సంబంధం: అక్క. వయసు: ఇరవై రెండు. అతను వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఏకంగా ఏడేళ్లు ఎక్కువ. ఆస్పత్రి కాగితాల్లో అక్కకు అరవై ఒకటి, ఈ లెక్కన అరవై ఎనిమిది.

నకలు తీసుకుని తిన్నగా ఆస్పత్రికి వెళ్లి అడిగాడు. అక్క పైకప్పు చూస్తూ ఒప్పుకుంది. మైనరు సంతకం చెల్లదు, పెద్దవాళ్లెవరూ లేకపోతే పిల్లాణ్ణి అనాథాశ్రమంలో చేర్చాలని అప్పటి మాస్టారు అన్నాడట. మర్నాడు అమ్మ బట్టలు కట్టుకుని, జుట్టు ముడేసుకుని, వేరే మాస్టారు ఉన్న పూట చూసుకుని వెళ్లిందట.

“ఇన్నేళ్లకు దొరికిపోయానా? ఇప్పుడు నన్నేం చేస్తార్రా?”

“నిన్నేం చేస్తారు అక్కా. నా సెలవే పోతుంది.”

“పోతే పోయింది. నాకెవరూ అక్కర్లేదు, గోడ పట్టుకుని నడుస్తా. నీళ్లు రాకపోతే ఆ వీధులవాళ్లు నిన్ను కడిగేస్తారు.”

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అక్క ఆడింది నలభై ఆరేళ్లు అతికే ఉంది. ఇంకొన్నాళ్లు ఉండనిద్దామా అని అతనికీ ఒక క్షణం అనిపించింది. కానీ కాగితం గుమస్తా చేతిలో పెట్టేటప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆవిడ నకలు మళ్లీ ఒకసారి చదివింది. తర్వాత ఫైలు మీద రాసి, తను రాసింది అతనికి చదివి వినిపించింది.

“వయసు తప్పు రాయించిన మాట నిజం. పెంచిన మాట అంతకన్నా నిజం. ఈ నిబంధన ఇలాంటి మనిషి కోసమే ఉందని నా అభిప్రాయం.”

కమిషనరు రెండు రోజులు ఫైలు దగ్గర పెట్టుకుని, మూడో రోజు సంతకం చేశాడు.

ఆ ఆరు వారాలూ తమ్ముడు అక్క గదిలోనే ఉన్నాడు. వంట అంతంత మాత్రం. ఉప్పు వేశానో లేదోనని రెండోసారి వేసేవాడు. ఖాళీగా కూర్చుంటే కాళ్లూ చేతులూ ఆడక ఇబ్బంది పడుతున్నాడని అక్క అతని చేత చొక్కాలకు గుండీలు కుట్టించింది. నచ్చకపోతే విప్పించి మళ్లీ కుట్టించింది. అతని బదులు వచ్చినవాడు ఒక వీధికి రెండుసార్లు నీళ్లు వదిలి, పక్క వీధిని మరిచిపోయాడని కబురొస్తే అతనికి అన్నం సహించలేదు. అక్క మాత్రం, వాడూ నేర్చుకోవద్దూ అని నవ్వేసింది.

నాలుగో వారం అతను మందులకు వెళ్లి వచ్చేసరికి, గది మధ్యలో అక్క కుట్టుమిషను పట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద అదే మొదటిసారి గొంతు పెంచడం.

“నువ్వు మళ్లీ పడితే నేనెవరి దగ్గరికి పోవాలి?”

అక్క చెయ్యి చాచింది. ఆ తర్వాత అతను లేకుండా ఒక్కసారి కూడా లేవలేదు.

ఏడో వారం అతను పనిలో చేరాడు. చేరినట్టు కాగితం ఇవ్వడానికి మేడమీదికి వెళితే, గుమస్తా బల్ల ముందు వీధులూడ్చే మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. మేనమామకు పక్షవాతమట, సెలవు కావాలట. ఆవిడ అతణ్ణి అడుగుతోంది, చిన్నప్పుడు నిన్ను పెంచిందెవరు అని.

మధ్యాహ్నం అన్నం వేళకు అతను అక్క దగ్గరికి వెళ్లాడు. చేతికర్ర ఊతంగా, పక్కింటావిడ తోడుగా, గుమ్మం ముందున్న మూడు మెట్లూ దిగి వీధిలో నిలబడి ఉంది. ఇంకో పది అడుగులు వేసి వస్తాను, నువ్వు లోపలికెళ్లి తిను అంది.