చిన్నమ్మ నాలుక, నా తియ్యటి సబ్బు

డిగ్రీ పట్టా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. కెమిస్ట్రీలో బీఎస్సీ (మూడో ప్రయత్నంలోనే అనుకోండి, కానీ దిగ్విజయంగా) ముగించి, బుక్కరాయసముద్రంలో మా చిన్నమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డుకు నన్ను నేనే మేనేజరుగా నియమించుకున్నాను. ఆ షెడ్డులో చిన్నమ్మ సబ్బులు చేసేది. చదివింది ఐదో తరగతి. ఎక్కడో ఆడవాళ్ళకు మూడు రోజులు శిక్షణ ఇస్తుంటే వెళ్ళొచ్చి, సొంత చేని చెనిక్కాయల (అదే, వేరుశనగల) నూనె, కానుగ నూనె, కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి, వేపాకు పొడి చల్లి, చెక్కపెట్టెల్లో పోసి, మర్నాడు తీగతో కోసి, నెల రోజులు ఆరబెట్టేది. ఆ సబ్బు మహిమ ఏమని చెప్పను! మా ఎండలో తిరిగొచ్చిన మనిషి దానితో ఒక్కసారి రుద్దుకుంటే ఒంటిమీది నుంచి రెండు కిలోల దుమ్మూ, ఐదేళ్ళ వయసూ ఒకేసారి రాలిపోయేవి. (మా పక్కింటి పెద్దాయన వరసగా ఆరు సబ్బులు వాడి మీసం దువ్వడం మొదలుపెడితే, ఆయన భార్య వచ్చి చిన్నమ్మతో పోట్లాడింది.)

చిన్నమ్మకు రెండు పట్టింపులు. నూనెను తక్కెడలో తూచాలి తప్ప లీటర్లతో కొలవకూడదు. రెండోది, ప్రతి విడతలోనూ ఆరిన సబ్బు ఒకటి తీసి, తడివేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించేది. కాస్టిక్ మిగిలిపోయి ఉంటే నాలుక చురుక్కుమంటుంది. "పూసుకునేవాళ్ళ ఒంటికంటే ముందు నా నాలిక్కి తెలియాల" అనేది.

అప్పటిదాకా మా వీధిలోనే అమ్ముడయ్యే సబ్బుకు ఒక రోజు లేపాక్షి నుంచి పిలుపొచ్చింది. నంది దగ్గర యాత్రికులకు బొమ్మలూ బుట్టలూ అమ్మే అంగడాయన నూరు సబ్బులు తెమ్మన్నాడు. నచ్చితే నెలనెలా తీసుకుంటానన్నాడు. ఆ ఏడు వానల్లేక చేను ఎండిపోయింది. "ఇది నిలిస్తే షెడ్డు నిలుస్తాది. లేకుంటే మళ్ళా కూలికి పోవాల్సిందే" అంది చిన్నమ్మ. సరిగ్గా అప్పుడే గుమ్మఘట్టలో వాళ్ళ బంధువులింట్లో పెళ్ళి. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "రేయ్, నూనె తూచి పొయ్యి. తూచి!" అంది.

"చిన్నమ్మా, నేను కెమిస్ట్రీ చదివినోణ్ణి!"

"అందుకే రెండుసార్లు చెప్తాండా."

ఆమె బస్సెక్కగానే నేను తక్కెడ వైపు చూశాను. తక్కెడ నా వైపు చూసింది. పట్టభద్రుడు రాళ్ళెత్తి తూచడమేమిటి? పది కిలోల నూనె కావాలి, పది లీటర్ల క్యాను ఉంది, అంతే కదా! కుమ్మరించాను. (నూనె నీళ్ళకంటే తేలికనీ, లీటరు నూనె కిలో తూగదనీ వంట చేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. బీఎస్సీకే ఆ క్షణాన గుర్తు రాలేదు.) కాస్టిక్ మాత్రం చిన్నమ్మ సరిగ్గా పది కిలోల నూనెకు సరిపడా ముందే తూచిపెట్టి పోయింది.

నేను పోసిన సబ్బులు ఆరుతుండగా చిన్నమ్మ తిరిగొచ్చింది, నెల గడిచింది. సబ్బులు పట్టుకెళ్ళాల్సిన రోజు శనివారమైంది.

"ఈ పొద్దు నాకు ఒక్కపొద్దురా. పొద్దు మునిగేదాకా నాలిక మీద ఏమీ పెట్టను. నువ్వు చూడు" అంది చిన్నమ్మ, పూజకు పూలు సర్దుకుంటూ.

షెడ్డు వెనక్కి వెళ్ళి, ఆకాశాన్ని కాసేపు పరిశీలించి తిరిగొచ్చాను. సబ్బు నాకడమా, నేనా!

"చూసినా చిన్నమ్మా."

"ఎట్లుండాది?"

బాగుందని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "తియ్యగా ఉండాది! మైసూరుపాకు మాదిరి!" అన్నాను. ఆమె పూజ తొందరలో తలూపింది. నేను బుట్టతో బస్సెక్కాను.

దారిలో హిందూపురంలో నాలుగు దోసెలు తిని, నేను లేపాక్షి చేరేసరికి నడినెత్తిన ఎండ. అంగడాయన సబ్బులు పేర్చుతుంటే, చంకలో పసిబిడ్డతో ఒక బెంగళూరు తల్లి ఒకటి తీసి వాసన చూసింది. "పాపకు వాడొచ్చా?" అని అడిగింది.

"పాపకేమి తల్లీ, దీనితో రుద్దితే ఆ నంది కూడా తెల్లబడతాది!"

"ఆ సబ్బు కింద పెట్టమ్మా!" వెనక నుంచి కేక. చూస్తే చిన్నమ్మ! నుదుటి కుంకుమ చెమటకు కారుతోంది. వెనక బస్సు పట్టుకుని వచ్చేసింది.

"ఏమిరా, తియ్యగా ఉండాదంటివే? మూడేండ్ల నుంచి నాలిక పెడ్తాండా. ఒక్క సబ్బు కూడా తియ్యగా లేదే!"

నేను బుట్ట వెనక్కి తప్పుకున్నాను. (చరిత్రలో మొదటిసారి.) చిన్నమ్మ నడినెత్తిన సూర్యుణ్ణి చూసి, "స్వామీ, తప్పు కాయి" అని చెంపలు వేసుకుని, తడివేలితో సబ్బు రుద్ది నాలుకకు తాకించింది. మనిషి అదిరిపడింది. ఎన్నో ఏళ్ళుగా తప్పని ఒక్కపొద్దు నా సబ్బుతో విడిచింది.

"ఏమమ్మా, సబ్బు తింటాండావు!" అన్నాడు అంగడాయన.

"చురుక్కుమంటాండాదన్నా. ఇవి అమ్మొద్దు, తీసకపోతా."

"నూటిలో కొన్నైనా బాగుంటాయి లేమ్మా, ఏరుకుంటా."

"అన్నీ ఒక్క పాత్రలో కలిపినవేనన్నా. నెల ఆగితే మంచివి తెస్తా. ఆగలేకుంటే ఇంకొకరి దగ్గర తీసుకో."

షెడ్డు పోయింది, చిన్నమ్మ కూలికి పోతుంది, కారణం నేను. అంగడాయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుని, ఆమెను తేరిపార చూశాడు. "ఇన్నేండ్ల నుంచి అంగడి పెట్టినా. తన సరుకు తానే అమ్మొద్దని చెప్పేదానికి బస్సెక్కి వచ్చినోళ్ళను చూళ్ళేదు. నెల కాదు, రెండు నెలలైనా ఆగుతా పోమ్మా!"

తిరుగు బస్సులో ఆమె, "నూనె తూచినావా?" అంది.

"లీటర్లతో పోసినా."

కిటికీలోంచి చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్క వేసింది. "అయితే ఇంకా ముక్కాలు కిలో పైనే నూనె పడాల." ఇంటికెళ్ళి కాగితం మీద లెక్కకడితే నాకూ అంతే వచ్చింది. (గంట పట్టింది.)

నూరు సబ్బులూ నాతోనే తురుమించింది. సన్నటి సెగమీద కరిగించి, తగ్గిన నూనె తక్కెడలో తూచి పోయించింది. మళ్ళీ అచ్చుపోసి ఆరాక, ఒకటి నా ముందు పెట్టింది. ఈసారి నిజంగానే నాలుక పెట్టాను.

"ఏముండాది?"

"ఏమీ లేదు చిన్నమ్మా."

"అదే కావాల."

ఆ నూరూ లేపాక్షిలో అమ్ముడై, నెలనెలా తీసుకునే బేరం నిలిచింది. రేకుల షెడ్డు ఇప్పుడు రెండు గదులైంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. తక్కెడ పోయి కరెంటు కాటా వచ్చింది. చిన్నమ్మ తల నెరిసింది, నాలుక మాత్రం నెరవలేదు. మొన్న వెళ్ళినప్పుడు కొత్త విడత సబ్బు నా చేతికిచ్చి, కళ్ళతోనే నవ్వింది. బల్లిని మొసలిగా చెప్పి బతికేవాణ్ణి నేను. అయినా వేలు నాలుకకు తాకించి, చిన్న పిల్లాడిలా చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏమీ లేదు చిన్నమ్మా."

ఆమె అనుమానంగా చూసింది. నేను మళ్ళీ ఒకసారి నాలుక పెట్టాను.